మనిషి వెంట నడిచే పని

'ఉద్యోగం' అనే మాట వినగానే నేడు మనకు జీతం, కార్యాలయం, హాజరుపట్టిక గుర్తుకు వస్తాయి. కాని సంస్కృతంలో ఆ పదానికి ప్రయత్నం, పూనిక, సన్నాహం అనే అర్థాలు ఉన్నాయి. మహాభారతంలో సంధి ప్రయత్నాలను, యుద్ధ సన్నాహాలను వర్ణించే భాగానికి ఉద్యోగపర్వమనే పేరు ఈ అర్థంలోనే ఏర్పడింది. అంటే ఉద్యోగం మొదట ఒక క్రియ. యంత్రాలు, కర్మాగారాలు, కచేరీలు వచ్చిన తరువాత మనిషి నిర్ణీత సమయానికి నిర్ణీత స్థలానికి చేరి పనిచేయడం అలవాటయింది. "ఉద్యోగానికి వెళ్తున్నాను" అన్నప్పుడు ఆ మాట ఒక చోటును సూచించే స్థితికి వచ్చింది. ఇటీవలి కాలంలో పనిని ఆ చోటు నుండి విడదీయడం మళ్ళీ సాధ్యమయింది. కార్యాలయానికి దూరంగా ఉండి, అందునా ఊరు విడిచి ఊరు తిరుగుతూ పనిచేసేవారు ప్రపంచమంతటా కనిపిస్తున్నారు. ఈ పద్ధతి ఎలా రూపుదిద్దుకున్నది, ఏయే నియమాలపై నిలుస్తున్నది, ఎవరికి అందుతున్నది, ఎవరికి అందడం లేదు అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ప్రయాణమూ వృత్తీ కలిసి సాగడం మన సమాజానికి కొత్త కాదు. అయితే ఆ కలయికలో మూడు విధాలున్నాయి. మొదటిది, ప్రయాణమే వృత్తిగా ఉండటం. పూర్వం లంబాడీలు ఎడ్ల మందలపై ఉప్పు, ధాన్యం వేసుకొని దక్కను పీఠభూమి అంతటా తిరిగి రవాణా చేసేవారు. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం కూడా ఈ కోవకే చెందుతుంది. కుటుంబాలకు కుటుంబాలే తెరలు, దుస్తులు, వంటపాత్రలతో సహా ఊరూరా తరలివెళ్ళి నాటకాలు ప్రదర్శించాయి. రెండవది, మనిషి పనిని వెదకుకొంటూ వెళ్ళడం. పాలమూరు కూలీలు ఇందుకు ఉదాహరణ. వర్షాధారమైన తమ పొలాలు తిండి పెట్టలేనప్పుడు వారు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకొని, ఇంటి తలుపుకు తాళం వేసి, దేశంలో ఆనకట్టలు, కాలువలు, రహదారులు కట్టే చోట్లకు వలస వెళ్ళారు. పని ఎక్కడ ఉంటే అక్కడికి మనిషి వెళ్ళక తప్పలేదు. మూడవది వీటికి భిన్నమైనది. మనిషి తనకు నచ్చిన చోటికి వెళతాడు. పని అతని వెంట నడుస్తుంది. ఈ వ్యాసంలో ప్రధానంగా చెప్పుకొనేది ఈ మూడవ విధాన్ని గురించే.

ఈ మూడవ విధం గతంలో ఎందుకు సాధ్యం కాలేదో ఏనుగుల వీరాస్వామి జీవితం స్పష్టం చేస్తుంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే ఒకరి భాషను మరొకరికి తెలియజెప్పే ఉద్యోగిగా పనిచేశాడు. 1830 మే నెలలో పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి మద్రాసు చేరాడు. దాదాపు పదిహేను నెలలపాటు సాగిన ఆ ప్రయాణంలో చూసిన ఊళ్ళను, బాటలను, ధరలను, ఆచారాలను ఎప్పటికప్పుడు వ్రాసి పెట్టాడు. 'కాశీయాత్ర చరిత్ర' అనే గ్రంథం ఆ వ్రాతల ఫలమే. దారిలో ఆయన రచన సాగింది కాని, ఉద్యోగం సాగలేదు. అందుకు సెలవు తీసుకోవలసి వచ్చింది. దుబాసీ పనికి న్యాయస్థానంలో వాది, ప్రతివాది, న్యాయమూర్తి ఎదురెదురుగా ఉండటం అవసరం. రచనకు కాగితం, కలం, ఏకాంతం చాలు. ఒకే మనిషి చేసే రెండు పనులలో ఒకటి స్థలానికి కట్టుబడి ఉన్నది, రెండవది స్థలాన్ని విడిచి వచ్చింది. ఈ భేదమే నేటి సంచార ఉద్యోగానికి కూడా మూలసూత్రం.

స్థలానికి కట్టుబడిన పనులను కూడా విడిపించే సాధనాలు ఇరవయ్యవ శతాబ్దంలో వచ్చాయి. 1964లో బీబీసీ టెలివిజన్ కార్యక్రమంలో ప్రసిద్ధ రచయిత ఆర్థర్ సి. క్లార్క్ ఒక జోస్యం చెప్పాడు. మరో యాభై సంవత్సరాలలో మనిషి లండన్ నుండి ఎంత సులభంగా వ్యాపారం నడపగలడో, తాహితి నుండి గాని బాలి నుండి గాని అంతే సులభంగా నడపగలడని ఆ జోస్యం సారాంశం. ఆయన ఆ మాటను తన జీవితంలోనే కొంతవరకు నిజం చేసి చూపాడు. శ్రీలంకలో స్థిరపడిన క్లార్క్, 1983లో తన నవల '2010' చలనచిత్రంగా రూపొందుతున్నప్పుడు, అమెరికాలోని దర్శకుడు పీటర్ హయమ్స్‌తో కంప్యూటర్, టెలిఫోన్ తీగల ద్వారా చర్చలు సాగించాడు. కొలంబోలో పగలైతే లాస్ ఏంజెలిస్‌లో రాత్రి. ఒకరు నిద్రపోయే ముందు పంపిన సందేశం రెండవవారు మేల్కొనేసరికి సిద్ధంగా ఉండేది. రెండు ఊళ్ళ మధ్య ఉన్న కాలభేదం ఆటంకం కావడానికి బదులు సాయపడింది.

క్లార్క్ తన ఇంటిలో కూర్చుండి పనిచేశాడు. ఇంటినే విడిచి పనిచేయడం మరింత సాహసం. ఆ సాహసానికి పూనుకొన్నవాడు అమెరికాకు చెందిన స్టీవెన్ రాబర్ట్స్. సాంకేతిక విషయాలపై వ్యాసాలు వ్రాసి జీవించే ఆయన 1983లో ఒహాయో రాష్ట్రంలోని ఇంటిని వదిలి, వెనుకకు వాలి కూర్చుండి తొక్కే ఒక ప్రత్యేకమైన సైకిలుపై బయలుదేరాడు. మొదటి యాత్రలో సుమారు పదివేల మైళ్ళు తిరిగాడు. ఆయన వెంట టీఆర్‌ఎస్-80 మోడల్ 100 అనే చిన్న కంప్యూటర్ ఉండేది. నాలుగు చిన్న బ్యాటరీలతో సుమారు ఇరవై గంటలు పనిచేసే ఆ యంత్రపు తెరపై ఎనిమిది వరుసలు, వరుసకు నలభై అక్షరాలు మాత్రమే కనిపించేవి. వ్యాసం పూర్తి కాగానే దారిపక్క ఉన్న పబ్లిక్ టెలిఫోనుకు దానిని జతచేసి పత్రికలకు పంపేవాడు.

ఆనాటి వేగం ఎంతో తెలిస్తే ఆ ప్రయత్నం విలువ బోధపడుతుంది. ఆ కంప్యూటర్‌లోని మోడెమ్ సెకనుకు 300 బిట్ల చొప్పున, అంటే సుమారు ముప్ఫై అక్షరాల చొప్పున పంపగలిగేది. పన్నెండువేల అక్షరాల వ్యాసాన్ని పంపడానికి 400 సెకన్లు, అనగా దాదాపు ఏడు నిమిషాలు పట్టేది. ఒక ఛాయాచిత్రాన్ని పంపడం ఊహకు కూడా అందని విషయం. ఆ పరిమితిలోనే రాబర్ట్స్ ఒక సత్యాన్ని నిరూపించాడు. వ్యాసం సకాలంలో, సక్రమంగా అందినంతవరకు రచయిత ఏ చెట్టుకింద కూర్చుండి వ్రాశాడనేది సంపాదకునికి అవసరం లేని విషయం. సైకిలు తొక్కుతున్నప్పుడు మనసులో మెదిలిన భావాలు ఆగి వ్రాసేలోగా జారిపోతున్నాయని, 1986లో చేసిన రెండవ సైకిలుకు చేతిపట్టీల వద్దనే మీటలు అమర్చి, కదులుతూనే టైపు చేసే ఏర్పాటు చేసుకొన్నాడు. అయితే ఇంకొక విషయం కూడా గమనింపదగినది. మొదటి యాత్రలో ఆయన ఉత్తరాలను, వ్యవహారాలను చూడటానికి ఒహాయోలో ఒక సహాయకురాలు ఉండేది. ఒకరు స్వేచ్ఛగా తిరగడానికి మరొకరు ఒకచోట స్థిరంగా ఉండవలసి వచ్చింది.

ఈ ప్రయోగాలు సాగుతుండగానే పండితులు ఈ పద్ధతికి పేర్లు పెట్టసాగారు. అమెరికాకు చెందిన జాక్ నిలిస్ 1973లో దూరం నుండి పనిచేయడాన్ని తెలిపే 'టెలికమ్యూటింగ్' అనే మాటను ప్రచారంలోకి తెచ్చాడు. అదే సంవత్సరం చివరలో చమురు సంక్షోభం ఏర్పడి ఇంధనం కొరత పడటంతో, మనుషులను రోజూ పని వద్దకు చేర్చే బదులు పనినే మనుషుల వద్దకు చేర్చవచ్చుననే ఆలోచనకు బలం చేకూరింది. 1997లో జపాన్ ఇంజనీరు త్సుగియో మకిమోటో, బ్రిటిష్ పత్రికారచయిత డేవిడ్ మేనర్స్ కలిసి 'డిజిటల్ నోమాడ్' అనే గ్రంథం ప్రచురించారు. నోమాడ్ అంటే సంచారి. పరికరాలు చిన్నవై, సంబంధాలు వేగవంతమైతే మనిషి తిరిగి సంచార జీవనాన్ని ఎంచుకోగలడని వారు ప్రతిపాదించారు.

ఆ తరువాత రెండు దశాబ్దాలపాటు ఈ పద్ధతి కొద్దిమందికే పరిమితమై ఉన్నది. 2020లో కరోనా వ్యాధి ప్రబలి, మార్చి 25 నుండి మన దేశంలో లాక్‌డౌన్ అమలులోకి రావడంతో పరిస్థితి తలక్రిందులయింది. హైదరాబాదులోని సాఫ్ట్‌వేర్ సంస్థల ఉద్యోగులు తమ కంప్యూటర్లతో సొంత ఊళ్ళకు చేరి, పెంకుటింటి వసారాలలో కూర్చుండి విదేశీ సంస్థలకు సేవలందించారు. 2020 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కాల్ సెంటర్ల వంటి సంస్థలపై ఉన్న నిబంధనలను సడలించి, ఇంటి నుండే కాక దేశంలో ఎక్కడి నుండైనా పనిచేయడానికి వీలు కల్పించింది. చాలామందికి ఇది కొత్త సౌకర్యం. కాని ఆ వసంతంలోనే రహదారులపై మరొక దృశ్యం కనిపించింది. తట్ట, పార, తాపీతో చేసే పనిని వెంట తీసుకొని పోలేని వలస కార్మికులు పిల్లలను భుజాన వేసుకొని వందల మైళ్ళు నడిచారు. పని వెంట రాగలిగినవారు ఇంటికి చేరి జీతం అందుకొన్నారు. పని వెంట రానివారు ఇంటికి చేరడానికే ప్రాణాలు పణంగా పెట్టవలసి వచ్చింది. సంచార ఉద్యోగాన్ని గురించి ఎంత ఉత్సాహంగా మాట్లాడుకొన్నా ఈ భేదాన్ని మరువరాదు.

ఇక ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చూద్దాం. దూరం నుండి చేసే పనులు స్థూలంగా రెండు రకాలు. ఇరుపక్షాలు ఒకే క్షణంలో పాల్గొనవలసిన పనులు ఏకకాలికాలు. వీడియో సమావేశం, ఆన్‌లైన్ బోధన, కాల్ సెంటర్ సంభాషణ ఇటువంటివి. ఒకరు చేసిన పనిని మరొకరు తీరిక వేళలో అందుకొనేవి భిన్నకాలికాలు. అనువాదం, గ్రంథ పరిష్కరణ, చిత్రరచన, లెక్కల తనిఖీ, కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయడం ఈ వర్గానికి చెందుతాయి. విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే రైలు మార్గాన్నే ఉదాహరణగా తీసుకొందాం. ఆ దారిలో ఎన్నో సొరంగాలున్నాయి. రైలు సొరంగంలో ప్రవేశించగానే సెల్‌ఫోన్ సంకేతాలు తెగిపోతాయి. ఆ బండిలో కూర్చుండి సమావేశంలో పాల్గొనదలచినవాడు మాట మధ్యలో మాయమవుతూ అందరినీ ఇబ్బంది పెడతాడు. అదే బండిలో ఒక అనువాదకుడు నిశ్చింతగా పది పుటలు పూర్తిచేసి, అరకు చేరిన తరువాత పంపగలడు. కాబట్టి ప్రయాణంలో పనిచేయగోరేవాడు మొదట వేసుకోవలసిన ప్రశ్న "ఏ ఊరికి వెళ్ళాలి?" అని కాదు. "నా పనిలో ఏకకాలికమైనది ఎంత, భిన్నకాలికమైనది ఎంత?" అని తెలుసుకొన్న తరువాతనే ఊరి ప్రసక్తి.

రెండవ నియమం కాలానికి సంబంధించినది. మన దేశ ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని ఆధారం చేసుకొన్నది. హైదరాబాదులోని సంస్థ ఉదయం పది గంటలకు సమావేశం ఏర్పాటు చేసిందనుకొందాం. బాలి ద్వీపంలో ఉన్న ఉద్యోగికి అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర. ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో ఉన్నవానికి చలికాలంలో తెల్లవారుజామున ఆరున్నర. న్యూయార్క్‌లో ఉన్నవానికి అదే చలికాలంలో ముందురోజు రాత్రి పదకొండున్నర. తూర్పుకు కొద్దిగా జరిగినవాడు సుఖపడతాడు. పడమరకు చాలా దూరం వెళ్ళినవాడు నిద్రను అర్పించుకొంటాడు. పటంలో అందంగా కనిపించే ప్రతి ఊరూ పనికి అనుకూలమైన ఊరు కాదు.

మూడవది రక్షణ. బ్యాంకు ఖాతాల వివరాలు, రోగుల నివేదికలు, సంస్థల రహస్యాలు ఉద్యోగి కంప్యూటర్‌లో ఉంటాయి. రైల్వేస్టేషన్‌లోను, హోటల్‌లోను ఉచితంగా లభించే వైఫైని ఎవరు నడుపుతున్నారో, దానిని ఎవరు గమనిస్తున్నారో మనకు తెలియదు. అందుచేత సంస్థలు సందేశాలను గూఢలిపిలోకి మార్చి పంపే వీపీఎన్ వంటి ఏర్పాట్లు చేస్తాయి. ఉద్యోగి కూడా సాధ్యమైనంతవరకు తన సొంత ఫోన్ డేటానే వాడటం, నలుగురి మధ్య రహస్య విషయాలు బిగ్గరగా మాట్లాడకపోవడం, తెరను పక్కవారి చూపు నుండి కాపాడుకోవడం అలవరచుకోవాలి. యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. నమ్మకం పోతే కొనడానికి అంగడి లేదు.

నాల్గవది, అన్నింటికన్న ఎక్కువమంది విస్మరించేది చట్టం. విహారానికి ఇచ్చే వీసా పనిచేయడానికి ఇచ్చే అనుమతి కాదు. జీతం స్వదేశంలో అందుతున్నా, పని జరిగేది విదేశీ గడ్డపై కనుక ఆ దేశపు నియమాలు వర్తించవచ్చు. ఈ సందిగ్ధాన్ని తొలగించడానికి కొన్ని దేశాలు ప్రత్యేక వీసాలను ప్రవేశపెట్టాయి. బార్బడోస్ 2020 జులైలోను, ఎస్టోనియా అదే సంవత్సరం ఆగస్టులోను ఇటువంటి ఏర్పాటు చేశాయి. ఎస్టోనియా వీసా గరిష్ఠంగా ఒక సంవత్సరానికి ఇచ్చేది. ఆరంభంలో దానిని కోరేవారికి నెలకు కనీసం 3,504 యూరోల ఆదాయం ఉండాలని నియమం పెట్టారు. థాయ్‌లాండ్ 2024లో ఐదేళ్ళ కాలపరిమితితో, ఒక్కొక్క ప్రవేశానికి 180 రోజులు ఉండగలిగే వీసాను ప్రకటించింది. పన్నుల విషయం ఇంకా క్లిష్టమైనది. ఒక దేశంలో ఏడాదికి ఎన్ని రోజులు నివసించామనే దానిని బట్టి అక్కడ పన్ను బాధ్యత ఏర్పడుతుంది. మన దేశంలో సాధారణ ప్రమాణం 182 రోజులు. కనుక సంచార ఉద్యోగి రోజులను లెక్కపెట్టుకోవాలి. సంస్థకు చెప్పకుండా దేశం దాటరాదు. ఉద్యోగి చేసిన రహస్య ప్రయాణం వల్ల అతనితోపాటు సంస్థ కూడా చిక్కులలో పడే ప్రమాదం ఉన్నది.

ఇక్కడి వరకు సాధనాల సంగతి. మనసు సంగతి వేరు. కార్యాలయం గోడలు మనిషిని బంధించేవే అయినా, సాయంత్రం కాగానే విడిచిపెట్టేవి కూడా. గోడలు లేని కార్యాలయానికి సాయంత్రం లేదు. సముద్రతీరాన కూర్చున్నా సంస్థ నుండి సందేశం వస్తూనే ఉంటుంది. ఈ బాధను గుర్తించిన ఫ్రాన్స్, పనివేళల తరువాత సందేశాలకు స్పందించకుండా ఉండే హక్కును 2017 జనవరి నుండి అమలులోకి తెచ్చింది. పోర్చుగల్ 2021లో పనివేళలు ముగిసిన తరువాత ఉద్యోగులను యాజమాన్యాలు పలకరించడంపై ఆంక్షలు విధించింది. దీనికి తోడు ఏకాంతం ఒకటి. మూడురోజులకొక ఊరు మారేవాడికి పేరు పెట్టి పిలిచే పొరుగువాడు ఉండడు; జ్వరం వస్తే కషాయం కాచి ఇచ్చే చేయి ఉండదు. అతడు ఊరినీ పూర్తిగా చూడలేడు, పనినీ పూర్తిగా చేయలేడు. అందువల్ల ఒక్కొక్క చోట నెలల తరబడి నిలిచి, అక్కడి భాషను కొంత నేర్చి, మెల్లగా ప్రయాణించడం మేలు.

అతిథి వచ్చిన ఊరి మేలు కీళ్ళు కూడా ఆలోచించాలి. దూరపు జీతంతో వచ్చినవాడు స్థానిక హోటళ్ళకు, దుకాణాలకు ఆదాయం తెస్తాడు. కాని అదే జీతంతో అతడు ఇంటి అద్దెలను పెంచగలడు కూడా. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో పర్యాటకులు, విదేశీ పెట్టుబడులు, దూరం నుండి పనిచేసే విదేశీయులు కలిసి ఇళ్ళ ధరలను సామాన్యునికి అందకుండా చేశారని 2023లో ప్రజలు వీథులలోకి వచ్చి నిరసన తెలిపారు. తప్పంతా సంచార ఉద్యోగులదే అనడం న్యాయం కాదు. అయినా బస చేసిన ఊరు ఒక విహారస్థలం మాత్రమే కాదని, కొందరికి అది పుట్టిల్లని గ్రహించడం అతిథి ధర్మం.

విద్యార్థులు ఈ విషయాన్ని రెండు కోణాల నుండి చూడాలి. మొదటిది సామర్థ్యం. ఎదురుగా అధికారి లేనప్పుడు మనిషిని నడిపేది అతని నియమమే. సందేహానికి తావు లేకుండా ఉత్తరం వ్రాయగలగడం, చెప్పిన గడువుకు పని అప్పగించడం, చేయలేనప్పుడు ముందుగా తెలియజేయడం దూరపు పనికి ప్రాణం. ఎదుటివారు మన ముఖం చూడలేరు కనుక మన వాక్యమే మన ముఖం అవుతుంది. ఆ కారణంగా భాషపై పట్టు ఏ కంప్యూటర్ విద్యకూ తీసిపోని పెట్టుబడి. రెండవది సమదృష్టి. అన్నం పండించే రైతు, రోగికి సూది వేసే నర్సు, ఇటుక పేర్చే మేస్త్రీ, బస్సు నడిపే డ్రైవరు తమ పనిని చేతిసంచిలో వేసుకొని వెళ్ళలేరు. సంచార ఉద్యోగి కూర్చున్న గది, తిన్న భోజనం, ఎక్కిన రైలు, వాడిన విద్యుత్తు అన్నీ అటువంటివారి శ్రమఫలాలే. ఎక్కడికైనా వెళ్ళి పనిచేయగల అవకాశం మనకు లభిస్తే దానిని నిండుగా వినియోగించుకొందాం. ఆ అవకాశం లేనివారికి న్యాయమైన కూలి, వైద్యం, కష్టకాలంలో ఇల్లు చేరే దారి ఉండేలా చూడటం కూడా చదువుకొన్నవారి కర్తవ్యమని గుర్తుంచుకొందాం.

ప్రశ్నలు

1. 'ఉద్యోగం' అనే పదానికి ఉన్న మూలార్థాన్ని తెలిపి, కాలక్రమంలో అది ఎలా మారిందో వివరించండి.
2. ప్రయాణమూ వృత్తీ కలిసి సాగే మూడు విధాలను ఉదాహరణలతో తెలపండి.
3. ఏకకాలిక, భిన్నకాలిక పనులకు గల భేదమేమి? మీకు తెలిసిన వృత్తులలో ఏవి ఏ వర్గానికి చెందుతాయి?
4. 2020లో లాక్‌డౌన్ సమయాన కనిపించిన రెండు దృశ్యాలను రచయిత ఎందుకు పక్కపక్కన ఉంచి చూపారు?
5. "మన వాక్యమే మన ముఖం అవుతుంది" - ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.